చేలలోని నల్లపూసలు: మాంగనీసు ఖనిజముల కట్టుబడి

ఎఱ్ఱచెల్కలును వరిమళ్లును సేద్యము చేయు మన సంఘ సభ్యు లెల్లరు నొక సంగతిని చూచియే యుందురు. దుక్కి లోతుగా దున్నినపుడు, లేక బావికో కుంటకో మన్ను త్రవ్వినపుడు, ఆవగింజ మొదలు బఠానీగింజ వఱకు గల నల్లని పూసలు మన్నులో కానవచ్చును. వ్రేళ్లనడుమ నలిపినచో కొన్ని మెత్తగా చిదికి మసివలె నంటుకొనును; కొన్ని రాతిగింజవలె నిలుచును. బోరునీరు నిలువచేసిన తొట్టిగోడలకు పట్టు నల్లని జిడ్డును, డ్రిప్పు గొట్టముల రంధ్రములను పూడ్చు నల్లపూతయు నందఱు నెఱిగినవే. ఇవి చాలవఱకు నొక్క వంశమునకు చెందినవి. వీనికి మూలము మాంగనీసు అను లోహము.

మాంగనీసు పైరునకు కావలసిన ధాతువులలో నొకటి యని రైతులందఱు నిప్పటికి వినియున్నారు. అంగళ్లలో మాంగనీసు పేరిట సంచులును సీసాలును అమ్ముచున్నారు. కాని నేలలో మాంగనీసు ఎంత యున్నదను ప్రశ్నకంటె, అది యే రూపమున పేర్చబడి యున్నదను ప్రశ్న ముఖ్యమైనది. ఒకే లోహము, ఒకే ఆమ్లజని, అనగా ప్రాణవాయువు. వాని పేర్పు మారినచో నొక రాయి పైరునకు చిటికెడైన నియ్యదు, వేఱొకటి వాననీటికే కరగి యిచ్చును. మఱియొకటి సీసము, నికెలు వంటి లోహములను తనలో దాచుకొని, సమయము వచ్చినపుడు విడిచిపెట్టును. ఈ భేదమును తెలిసికొన్న రైతు వ్యర్థమగు ఖర్చును తప్పించుకొనగలడు.

మొదట మన నేల సంగతి. నేడు అద్దాల మేడలు నిలిచియున్న మాదాపురము, గచ్చిబౌలి, కొండాపురము, నానక్‌రామ్‌గూడ ప్రాంతములన్నియు గులకఱాతినేల, అనగా గ్రానైటు రాతిపై నేర్పడినవి. 1998లో సైబర్ టవర్సు భవనము తెఱువబడిన నాటికి దాని చుట్టు నుండినవి బండరాళ్లును చెల్కలును చెఱువులునే. ఈ రాయి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. దుర్గం చెఱువు చుట్టు నేటికిని మిగిలియున్న బండలను చూచినను, క్రొత్త మేడలకై త్రవ్విన పునాదుల గోడలను చూచినను, పైన ఎఱ్ఱమన్ను, దాని క్రింద మొరము, అడుగున గట్టిరాయి వరుసగా కానవచ్చును. శంకరపల్లి, చేవెళ్ల వైపున మన సభ్యులు దున్నుచున్న ఎఱ్ఱచెల్కలును చాలవఱకు నీ రాతిబిడ్డలే.

ఈ రాతిలో నల్లగా మెఱయు అభ్రకపు రేకులు, హార్న్‌బ్లెండు అను ముదురు పలుకులు కలవు. మాంగనీసు వానిలో స్వల్పముగా దాగియుండును. వాననీరు వేలయేండ్లుగా రాతిని నాన్చి నాన్చి దానిని బయటికి తెచ్చును. నీటిలో కరగిన మాంగనీసునకు రంగు లేదు, రుచి తెలియదు. అది పగుళ్లవెంట నడచి గాలి తగులు చోటికి చేరగానే, కంటికి కానరాని సూక్ష్మజీవులు దానిని ఆమ్లజనితో కలిపి నల్లని ఖనిజముగా మార్చివేయును. రాయి చీల్చినపుడు లోపలిముఖమున ఫెరను మొక్క యచ్చు పడినట్లు నల్లని కొమ్మలు కనబడుట కలదు. పూర్వకాలపు మొక్క రాతిలో చిక్కుకొన్నదని కొందఱనుకొందురు. అది మొక్క కాదు. పగులులో ప్రాకిన మాంగనీసు నీటిజాడ. చిరకాలము పుస్తకములన్నియు దీనిని పైరోలుసైటు అను ఖనిజమని వ్రాయుచు వచ్చినవి. 1979లో అమెరికాలో పాటర్, రాస్‌మన్ అనువారలు పరారుణ కిరణములతో పరీక్షించి, తాము చూచిన కొమ్మలలో నొకటియు పైరోలుసైటు కాదని తేల్చిరి. నల్లనివన్నియు నొకటి కాదన్నమాట.

అయినచో నీ భేదమెక్కడిది? దీనిని చెప్పుటకు నాలుగు నిమ్మపండ్లు చాలవు, ఆఱు కావలెను. నాలుగింటిని చదరముగా నొకదానికొకటి తాకునట్లు బల్లపై నుంచుడు. నడుమ నేర్పడిన పల్లమునకు మీద నొకటి, క్రింద నొకటి చేర్చుడు. ఆఱు పండ్ల నడుమ నొక చిన్న సందు మిగులును; అందులో నొక మిరియపుగింజ యిమిడినదనుకొనుడు. నిమ్మపండ్లు ఆమ్లజని పరమాణువులు, మిరియపుగింజ మాంగనీసు. పండ్ల నడిబిందువులను గీతలతో కలిపినచో ఎనిమిది ముఖములు గల బొమ్మ యగును. మాంగనీసు ఆక్సైడు ఖనిజములలో మిక్కిలి భాగము ఈ యొక్క ఇటుకతోనే కట్టబడినవి. అట్టి ఖనిజములు ముప్పదికి పైగా నున్నవి. ఒకే ఇటుకతో ఇల్లు కట్టవచ్చును, గోడ కట్టవచ్చును, కాలువ కట్టవచ్చును, ఇచ్చటను నంతే. ఒక ఇటుక పొరుగు ఇటుకతో నొక మూలను పంచుకొనవచ్చును, లేక ఒక అంచునే పంచుకొనవచ్చును. ఈ పంపకమును బట్టి రెండు పెద్ద కులములేర్పడినవి: సొరంగముల కులము, పొరల కులము.

సొరంగముల కులమున ఇటుకలు అంచులు కలిపికొని సన్నని స్తంభములుగా సాగును. స్తంభములు మూలలు కలిపికొని నడుమ సొరంగములను మిగుల్చును. స్తంభము ఒక్క ఇటుక వెడల్పుగా నున్నచో సొరంగమును నంత సన్ననిదే. అదియే పైరోలుసైటు. దాని సొరంగము వెడల్పు 2.3 ఆంగ్‌స్ట్రాములు. ఆంగ్‌స్ట్రామన మిల్లీమీటరులో కోటవ వంతు. ఆ సందులో ఏ లోహమును దూరజాలదు, నీరును దూరదు. అందుచేతనే పైరోలుసైటు మిక్కిలి మొండి రాయి. స్తంభములు రెండేసి ఇటుకల వెడల్పుగా నున్నచో సొరంగము 4.6 ఆంగ్‌స్ట్రాములగును, అందు పొటాషియము కూర్చున్నచో ఆ ఖనిజము క్రిప్టోమెలేను, బేరియము కూర్చున్నచో హాలండైటు. ఈ రెండవది మన దేశపు బిడ్డ. మధ్యభారతమున ఝాబువా ప్రాంతపు కాజ్లీడోంగ్రిలో దొరకిన దానిని ఫెర్మరు దొర 1906లో వర్ణించి, భారత భూగర్భశాఖకు అధిపతిగా నుండిన హాలండు దొర పేరు పెట్టెను. ఈ ఫెర్మరే మన తెలుగు దేశపు విజయనగరం ప్రాంతమున కోడూరు, గరివిడి గనులను పరిశీలించి, 1909లో భారతదేశపు మాంగనీసు ఖనిజములపై మహాగ్రంథమును ప్రకటించెను. కోడూరు పేరిట 'కోడురైటు' అని యొక రాతికే నామకరణము జరిగినది. ఆ ప్రాంతమున మాంగనీసు త్రవ్వకము 1892 ప్రాంతముననే మొదలైనది.

ఇంకను పెద్ద సొరంగము మూడేసి ఇటుకలది. అది టోడొరోకైటు, వెడల్పు సుమారు 6.9 ఆంగ్‌స్ట్రాములు. జపానులోని టోడొరోకి గనిలో 1934లో గుర్తింపబడినది. దాని సొరంగములలో మెగ్నీషియము, సున్నపుధాతువు, నీరు కలిసి యుండును. మన ఆదిలాబాదు జిల్లాలో పెన్‌గంగ సున్నపురాతి పొరల నడుమ గల మాంగనీసు పొరలలోను ఈ టోడొరోకైటు కానవచ్చినది.

సొరంగములు మనకేల యని యడుగువారికి నొక్క మాట. టార్చిలైటు కణములలోని నల్లని పిండి మాంగనీసు ఆక్సైడే. 1866లో లెక్లాంషే అను ఫ్రెంచివాడు దానిని మొదట వాడెను. లిథియము బ్యాటరీలలో నొక రకమున, ఇవే ఇటుకలు వేఱొక తీరున పేర్చబడి, వాని నడుమ దారులలో లిథియము చొచ్చుచు వెడలుచుండును. ఇది 1983లో ఇంగ్లండున కనుగొనబడినది. సైబరాబాదు ఆఫీసులలో పనిచేయు మన పిల్లలు అట్టి బ్యాటరీని నింపుట యనగా నిట్టి సందులనుండి లిథియమును వెడలించుటయే. మనము నేలలో చూచునదియు ఆ చొచ్చుట వెడలుటలే.

రెండవది పొరల కులము. సేద్యగాని కిదియే ముఖ్యము. కావున నిచ్చట కొంచెము నిలువవలెను. ఇటుకలన్నియు అంచులు కలిపికొని పలుచని పలకగా నేర్పడును. పలకపై పలక విస్తళ్ల కట్టవలె నుండును. రెండు విస్తళ్ల నడుమ నొక వరుస నీరు, అందు సోడియము, పొటాషియము, సున్నపుధాతువు తేలియాడుచుండును. దీనికి బిర్నెసైటు అని పేరు. స్కాట్లండులోని బిర్నెస్సు అను గ్రామమున దొరకినందున 1956లో ఆ పేరు వచ్చినది. పలకకు పలకకు దూరము సుమారు 7 ఆంగ్‌స్ట్రాములు. నీరు రెండు వరుసలైనచో దూరము 10 అగును. మన నేలలలోని మెత్తని నల్లపూసలలోను, సూక్ష్మజీవులు కట్టిన నల్లపూతలలోను ఎక్కువగా నుండునది ఈ జాతియే.

ఈ విస్తళ్లు నిండువి కావు, చిల్లులు కలవి. ఇటుకలో మాంగనీసు ఉండవలసిన చోట నొక్కొక్కచో ఖాళీ యుండును. చాల్కొఫేనైటు అను దగ్గఱి చుట్టములో ఏడు స్థానముల కొకటి చొప్పున ఖాళీయే. ఖాళీ యైనచోట ఆమ్లజనుల ఋణవిద్యుత్తు తీరక మిగిలిపోవును. ఆ కొఱతను తీర్చుకొనుటకై పలక, ప్రక్కన పోవుచున్న ధనవిద్యుత్తు గల లోహమును పట్టి చిల్లుమీద మూతవలె కూర్చుండబెట్టుకొనును. జింకు, సీసము, నికెలు, కోబాల్టు అట్లే చిక్కును. అందు సీసమును, కోబాల్టును పట్టుటలో దీనికి మిక్కిలి బలము. నేలలో నల్లపూసలు ఎంత తక్కువగా నున్నను, ఈ లోహముల విషయమున వాని పాలు చాల పెద్దది.

మీ చేనిలోని నల్లపూస మాంగనీసా, బొగ్గా, ఇనుమా యని తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. మందుల అంగడిలో పుండ్లు కడుగుటకమ్ము 3 శాతపు హైడ్రోజను పెరాక్సైడు నొక సీసా తెచ్చుకొనుడు. పూసను చిదిపి రెండు చుక్కలు వేయుడు. మాంగనీసైనచో వెంటనే బుసబుస నురుగు పొంగును. పేడ, కుళ్లిన ఆకు గల మన్ను మెల్లగా కొంచెము పొంగును. బొగ్గుగాని ఇనుపపూసగాని అట్లు బుసకొట్టదు. కండ్లలో పడకుండ జాగ్రత్త వహింపవలెను. మీ మేడిపట్టు పిల్లలచేత నీ పరీక్ష చేయించుడు. పాఠముకంటె బాగుగ జ్ఞాపకముండును.

ఇక పైరు సంగతి. మాంగనీసునకు నేలలో ముఖ్యముగా మూడు దశలు. రెండు ధనవిద్యుత్తులతో నున్నపుడు అది నీటిలో కరగును. వేరు గ్రహించునది దీనినే. మూడు, నాలుగు ధనవిద్యుత్తులతో నున్నపుడు అది నల్లని ఖనిజమై నీటికి లొంగదు. మడికి నీరు కట్టి నిలిపినపుడు మన్నులోని గాలి ఒకటి రెండు దినములలో అయిపోవును. అపుడు సూక్ష్మజీవులు ఊపిరికై మొదట నత్రజని నైట్రేటులను, పిదప మాంగనీసు ఆక్సైడులను, అటుపిమ్మట ఇనుమును వాడుకొనును. వాడుకొన్న మాంగనీసు కరగి నీటిలోనికి వచ్చును. పలుచని చిల్లుల విస్తళ్లగు బిర్నెసైటు సులభముగా లొంగును. మిక్కిలి సన్నని సొరంగములు గల పైరోలుసైటు మాత్రము మొండికేయును. కనుక వరికి మన మళ్లలో మాంగనీసు కొఱత సాధారణముగా నుండదు. వరి దానిని సమృద్ధిగా సహించును గూడ.

కాని కరగినది ఒకేచోట నుండదు. తేలిక యిసుకనేలలలో అది నీటితో అడుగునకు దిగిపోవును. పంజాబులో ఇసుకనేలలను వరికి మార్చి నీరు నిలిపిన కొన్ని యేండ్లకు, వరి వెనుక వేసిన గోధుమకు మాంగనీసు లోపము వచ్చెను. అచ్చట 0.5 శాతపు మాంగనీసు సల్ఫేటు ద్రావణమును ఆకులపై చల్లుట ఆచారమైనది. నేలకు వేసినది గాలి తగిలిన నేలలో త్వరలోనే మరల నల్లఖనిజమై పోవును గనుక ఆకుపై చల్లుటయే మేలు. మన ప్రాంతమున జింకు లోపము కనబడినంత తఱచుగా మాంగనీసు లోపము కానరాదు. సున్నపు పాలెక్కువైన నేలలలోను, వరి వెనుక కూరగాయలు వేయు ఇసుక చెల్కలలోను దానిని అనుమానింపవచ్చును. లేత ఆకులలోను నడిమి ఆకులలోను ఈనెలు పచ్చగా నిలిచి నడిమిభాగము పసుపువన్నెకు దిగుట దాని గుర్తు. ఏలయన, ప్రతి ఆకులోను సూర్యకాంతితో నీటిని చీల్చి ప్రాణవాయువును విడుదల చేయు యంత్రమునకు నడిగుండె నాలుగు మాంగనీసు పరమాణువులును ఒక సున్నపుధాతువును. దాని రూపము 2011లో స్పష్టముగా తెలిసినది; కొలతలలో నది మన నల్లపూసల పలకముక్కను పోలియున్నది. ఇందుకు విపరీతముగా, నేల పులిసి ఉదజని సూచిక 5.5కు దిగినచో మాంగనీసు మితిమీరి కరగి పైరును చెఱచును. అచ్చట కావలసినది సున్నము, మాంగనీసు కాదు.

ఇచ్చట అంగడి సరకుపై నొక హెచ్చరిక. మాంగనీసు సల్ఫేటు లేతగులాబివన్నె పలుకు. నీటిలో పూర్తిగా కరగును. ప్రభుత్వపు ఎఱువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారము 30.5 శాతము మాంగనీసు ఉండవలెను. దానికి బదులు నల్లని పొడిని 'ఖనిజ మాంగనీసు' అని తక్కువ ధరకు అమ్మజూపిన యెడల కొనకుడు. గనిలోని పైరోలుసైటు పొడిలో మాంగనీసు పాలు సల్ఫేటుకంటె హెచ్చే కావచ్చును. లెక్క అబద్ధము కాదు, కాని అది పైరు నోటికి అందదు. గ్లాసెడు నీటిలో చెంచాడు వేసి కలిపి చూడుడు. అడుగున నల్లగా నిలిచినది చేనిలోను అట్లే నిలుచును.

చెఱువుమన్ను విషయము ఇంతకంటె బరువైనది. 2015లో మిషన్ కాకతీయ మొదలైన పిమ్మట చెఱువుల పూడికమన్ను చేలకు తోలుట మరల విరివిగా జరిగినది. పల్లెచెఱువు మన్ను బంగారమే. దానిని మేము వలదనము. నగరపు మురుగునీరును కర్మాగారముల నీరును చేరు చెఱువుల మన్ను వేఱు. అట్టి చెఱువున ఏండ్ల తరబడి వచ్చిన లోహములలో కొంతభాగమును మాంగనీసు పూతలు చిల్లుల విస్తళ్లలో పట్టి యుంచును. చేలకు తోలి, వరికట్టి, నీరు నిలిపితిమా, పైన చెప్పినట్లు మాంగనీసు కరగును. అది కరగినపుడు మూతలు లేచిపోవును. పట్టుబడిన లోహము నీటిలోనికి వచ్చును. ఇనుపపూతలును గంధకమును అందు కొంత మరల పట్టుకొనునుగాని, అంతయు కాదు. మూసీనది నీటితో నగరమునకు దిగువను గడ్డి, వరి, ఆకుకూరలు పండించు రైతులు ఈ సంగతిని ప్రత్యేకముగ గమనింపవలెను. నగరపు చెఱువు మన్నును తోలుటకు ముందు సీసము, కాడ్మియము, నికెలు పరీక్ష చేయించుట యొక బండి కిరాయికంటె ఎక్కువ భారము కాదు.

తోళ్ల పరిశ్రమ వ్యర్థములను ఎఱువుగా వాడుట మఱియు ప్రమాదకరము. వానిలోని క్రోమియము మూడు ధనవిద్యుత్తులతో నున్నంతవఱకు కదలదు, అంతగా హాని చేయదు. కాని మాంగనీసు ఆక్సైడు దాని విద్యుత్తును లాగికొని ఆఱుగా మార్చగలదని 1979లో అమెరికాలో బార్ట్‌లెట్, జేమ్సు చూపిరి. ఆఱు విద్యుత్తుల క్రోమియము విషము; నీటితో బావులకు నడచును.

బోరుల సంగతి క్లుప్తముగా. లోతునీటిలో గాలి లేనందున మాంగనీసు కరగి యుండును. పైకి వచ్చి నిలిచినపుడు నల్లబడును. ఇనుము గాలి తగిలిన కొన్ని గంటలలో దిగిపోవును. మాంగనీసు సూక్ష్మజీవుల సాయము లేనిదే చాల మెల్లగా దిగును. అందువలన తొట్టిలో తేటగా కనిపించిన నీరు డ్రిప్పు గొట్టము కొనకు పోయి నల్లబడి రంధ్రము మూయును. నీటిశుద్ధి కేంద్రములలో ఇసుక వడపోతకు నల్లపూత పట్టిన పిదప ఆ పూతయే మాంగనీసును పట్టుటలో సాయపడును. కావున నల్లబడిన ఇసుకను తొందరపడి పారవేయరు. త్రాగునీటిలో మాంగనీసు లీటరుకు 0.1 మిల్లీగ్రాము వఱకు అంగీకార్యము, వేఱు నీరు దొరకనిచో 0.3 వఱకు మాత్రమే యని భారత ప్రమాణము చెప్పుచున్నది. పసిపిల్లలున్న యింట నల్లజిడ్డు పట్టు బోరునీటిని పరీక్షింపక త్రాగింపరాదు.

2015లో ప్రారంభమైన భూసార పత్రములో చూపు పండ్రెండు అంశములలో మాంగనీసు నొకటి. నమూనా తీయుటలో కొన్ని నియమములు పాటింపవలెను. నీరు నిలిచిన మడినుండి తీసిన మన్నులో మాంగనీసు సహజముగనే హెచ్చుగా కనబడును. కోత ముగిసి ఆరిన పిదప, ఎఱువు వేయకముందు తీయుడు. ఎండలో కాల్చక నీడను ఆరబెట్టుడు. ఎండిన కొలదియు, నిలువయుంచిన కొలదియు కరగు మాంగనీసు లెక్క పెరుగును, కావున ఆరగానే పంపుడు. జింకుపూత గల తట్టలను వాడకుడు. మన్నులో దొరకిన నల్లపూసలను కొన్నింటిని వేఱుగా కాగితములో చుట్టి, అవి ఏ లోతున దొరకినవో దానిపై వ్రాసి, సంచితోడనే రాజేంద్రనగరమున గల వ్యవసాయ విశ్వవిద్యాలయపు వారికి చూపుడు.